74వ ప్రశ్న

మా బావగారు పౌరసత్వ పరీక్షకి చదువుకుంటున్న రోజులు. గ్రీన్ కార్డు కోసం పన్నెండేళ్లు, అది వచ్చాక ఇంకో ఐదేళ్లు కాచుకున్న మనిషి. 2008 నాటి వంద ప్రశ్నల జాబితా ప్రింటు తీసుకుని, గ్లెన్ ఆలెన్‌లో మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, పెసరట్టు తింటూ నాచేత అడిగించుకుంటున్నారు. సెనేటర్లెంతమంది, జెండాలో చారలెన్ని, అన్నీ గడగడా అప్పజెప్పేశారు. 74వ ప్రశ్నకి వచ్చాం. అంతర్యుద్ధానికి దారితీసిన సమస్య ఒకటి చెప్పండి.

"స్టేట్స్ రైట్స్" అన్నారు టక్కున.

కాగితంలో మూడు జవాబులున్నాయి: బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు. ఏది చెప్పినా ఒప్పే. "మొదటిది వదిలేసి మూడోది పట్టుకున్నారేం బావా?" అన్నాను. ఆయన అల్లం పచ్చడి వేసుకుంటూ విడమరిచి చెప్పారు: "ఎదురుగా కూర్చునే ఆఫీసరు తెల్లాయనో నల్లాయనో, ఎలాంటివాడో మనకేం తెలుసురా? స్లేవరీ అంటే ఒకడికి బాధ, ఇంకొకడికి కోపం. స్టేట్స్ రైట్స్ అంటే ఎవడికీ ఏమీ కాదు. ఎందుకొచ్చిన గొడవ!"

నవ్వేశాను. కానీ ఆ జవాబు మా ఇంట్లో ఒక్కచోటే పుట్టింది కాదు. 2021 సెప్టెంబరులో ఇక్కడ, వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో, మాన్యుమెంట్ అవెన్యూ మీద అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యాన్ని నడిపిన జనరల్ లీ విగ్రహాన్ని దించేసినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశారు: "అసలా యుద్ధం బానిసల కోసం కాదట, రాష్ట్రాల హక్కుల కోసమట. మా మేనేజర్ చెప్పాడు." నలుగురు బొటనవేలు ఎత్తారు. తెలుగులో ఈ 'ట' భలే అక్షరం. మాట మనం చెబుతాం, పూచీ మాత్రం ఇంకెవరిదో. ఉగాది సంచికకి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు కాబట్టి, ఈసారి ఆ 'ట' సంగతి తేల్చుకుందామనుకున్నాను.

నేను చరిత్ర పంతుల్ని కాను, డేటాబేసులు చూసుకునే ఉద్యోగిని. కాకపోతే పదహారేళ్లుగా రిచ్‌మండ్‌లో ఉంటున్నాను. అమెరికా నుంచి విడిపోయి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీకి ఒకప్పుడు రాజధాని ఇది. ఐ-95 మీద డౌన్‌టౌన్ దాటేటప్పుడు రోడ్డుకి ఆనుకున్నట్టే మెయిన్ స్ట్రీట్ స్టేషన్ గడియారం గోపురం కనిపిస్తుంది కదా. దాని వెనక షాకో బాటమ్‌లో, ఇప్పుడు గడ్డి మొలిచిన జాగాలో, రాబర్ట్ లంప్‌కిన్ అనే వ్యాపారి జైలు ఉండేది. నేరస్తుల కోసం కాదు, అమ్మకానికి వచ్చిన మనుషుల కోసం. జనం దానికి పెట్టిన పేరు 'సైతాను అర ఎకరం'. 2008లో తవ్వకాలు జరిపితే రాళ్లు పరిచిన దాని వాకిలి బయటపడింది. మళ్లీ మట్టి కప్పేశారు.

ఈ బజారు ఇక్కడే ఎందుకు వెలిసిందంటే, 1808 జనవరి 1 నుంచి బయటి దేశాల నుంచి బానిసల్ని దిగుమతి చేసుకోవడం నిషేధం. ఆ నిషేధంతో వ్యాపారం ఆగలేదు, దేశం లోపలికి మళ్లింది. పొగాకు వేసీ వేసీ నేల పస తగ్గిన వర్జీనియాలో బానిసలు ఎక్కువ. అలబామా, మిసిసిపీ, లూసియానాల్లో కొత్తగా పత్తి వేస్తున్న చోట చేతులు తక్కువ. యుద్ధం వచ్చేలోపు ఎగువ దక్షిణాది నుంచి దిగువకి సుమారు 10 లక్షల మందిని తరలించారని చరిత్రకారుల లెక్క. భార్యని ఒకరికి, భర్తని ఒకరికి, పిల్లల్ని ఇంకొకరికి. మనుషుల్ని అమ్మే బజార్లలో న్యూ ఆర్లియన్స్ తర్వాతి స్థానం రిచ్‌మండ్‌దే.

ఆ జైల్లో 1854లో నాలుగు నెలలు ఉన్న ఒక కుర్రాడి కథ చెబుతాను. రాష్ట్రాల హక్కులంటే, వాషింగ్టన్ ప్రభుత్వం మాట కాదని రాష్ట్రాలు తమ సంగతి తామే తేల్చుకునే హక్కులు. వాటి సంగతి అక్కడే తేలిపోతుంది.

పేరు ఆంథొనీ బర్న్స్, ఇరవయ్యేళ్లవాడు. పుట్టింది ఇక్కడికి ఉత్తరాన స్టాఫర్డ్ కౌంటీలో. యజమాని చార్లెస్ సటిల్ అలెగ్జాండ్రియాలో ఉంటూ ఇతన్ని రిచ్‌మండ్‌లో కూలికి తిప్పేవాడు. కూలి డబ్బు సటిల్‌ది, కష్టం బర్న్స్‌ది. 1854 మొదట్లో బర్న్స్ ఓడలో దాక్కుని బోస్టన్ చేరాడు, ఒక బట్టల కొట్లో పని సంపాదించుకున్నాడు. చదవడం, రాయడం దొంగచాటుగా నేర్చుకున్నవాడు కదా, రిచ్‌మండ్‌లో ఉన్న అన్నకి ఉత్తరం రాశాడు. అదే కొంప ముంచింది. బానిస పేరున వచ్చిన ఉత్తరం ముందు యజమాని చేతికే వెళుతుంది. ఆచూకీ తెలిసింది, సటిల్ బోస్టన్ బయల్దేరాడు. మే 24 సాయంత్రం నగల కొట్లో దొంగతనం చేశావంటూ బర్న్స్‌ని వీధిలో పట్టుకున్నారు. కోర్టు భవనంలోకి వెళ్లాక గదిలో సటిల్ ఎదురుపడ్డాడు.

ఇలా పట్టుకోవడానికి ఆధారం 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం. దక్షిణాది సెనేటర్లు పట్టుబట్టి తెచ్చుకున్నది. రాష్ట్రం చేసింది కాదు, వాషింగ్టన్‌లో కాంగ్రెస్ చేసిన ఫెడరల్ చట్టం. దాని ప్రకారం జ్యూరీ ఉండదు. పట్టుబడ్డవాడు తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకూడదు. దారిన పోయేవాణ్ణి పిలిచి 'వాణ్ణి పట్టుకోవడానికి సాయం రా' అంటే రావాల్సిందే. పారిపోయినవాడికి అన్నం పెట్టి దాచినవాళ్లకి ఆర్నెల్ల దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా. నాకు అన్నిటికన్నా ముక్కున వేలేసుకోవాలనిపించేది ఇంకొకటి ఉంది. కేసు విన్న కమిషనర్ 'ఇతను బానిసే' అని తేల్చి పంపిస్తే 10 డాలర్లు ఫీజు, 'కాదు' అని వదిలేస్తే 5. పంపించే కేసులో కాగితాల పని ఎక్కువట. మళ్లీ అదే 'ట'.

మే 26 రాత్రి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కోర్టు తలుపులు దుంగతో బద్దలుకొట్టారు. ఆ తోపులాటలో కాపలావాడు ఒకడు చచ్చిపోయాడు, బర్న్స్ మాత్రం బయటికి రాలేదు. ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ పియర్స్, ఆయనేమీ దక్షిణాదివాడు కాదు, న్యూ హాంప్‌షైర్ మనిషి, మెరైన్లనీ సైన్యాన్నీ దింపాడు. జూన్ 2న ఒక్క కుర్రాణ్ణి రేవుకి నడిపించడానికి వీధికి రెండు పక్కలా తుపాకులు. చూడ్డానికి సుమారు 50,000 మంది జనం. కొట్లకి నల్లబట్టలు వేలాడదీశారు. స్టేట్ స్ట్రీట్‌కి అడ్డంగా ఒక శవపేటిక కట్టారు, దాని మీద 'స్వేచ్ఛ' అని రాసి ఉంది. ఓడెక్కించారు.

తిరిగొచ్చాక అతన్ని ఉంచింది లంప్‌కిన్ జైలు పై అంతస్తులో, ఆరెనిమిది అడుగుల గదిలో. నేల తలుపు తీస్తే తప్ప లోపలికి దారి లేదు. చేతులకి, కాళ్లకి సంకెళ్లు, బట్ట మార్చుకోవడానికి కూడా వీల్లేకుండా. నాలుగు నెలల తర్వాత 905 డాలర్లకి నార్త్ కరోలినా మనిషి ఒకడు కొనుక్కున్నాడు. మరుసటేడు బోస్టన్‌లో చందాలు వేసుకుని 1,300 డాలర్లిచ్చి విడిపించారు. బర్న్స్ ఓబర్లిన్ కాలేజీలో చదువుకుని, కెనడాలో పాస్టరుగా పనిచేసి, 1862లో పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో రాష్ట్రం హక్కు ఎవరిది? వద్దన్నది బోస్టన్ ఉన్న మసాచుసెట్స్. మెడ వంచింది వాషింగ్టన్. వంచమన్నది వర్జీనియా. మరుసటేడు మసాచుసెట్స్ ఇలాంటి కేసుల్లో జ్యూరీ విచారణ ఉండాలని తన చట్టం తను చేసుకుంది. విస్కాన్సిన్‌లో జాషువా గ్లోవర్ అనే మనిషిని జనం జైలు బద్దలుకొట్టి విడిపిస్తే, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకంగా 1850 చట్టమే చెల్లదంది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు, 'రాష్ట్రాలకి ఆ అధికారం లేదు' అని కొట్టేసింది. దక్షిణాది హాయిగా చప్పట్లు కొట్టింది. ఆ పదేళ్లలో రాష్ట్రాల హక్కులంటూ కోర్టులకెక్కినవాళ్లు ఎక్కువగా ఉత్తరాదివాళ్లే.

నమ్మకపోతే సౌత్ కరోలినా మాటే వినండి. 1860 డిసెంబరు 24న, తాము ఎందుకు విడిపోతున్నామో ఆ రాష్ట్రం ఒక ప్రకటన చేసింది. అందులో మేయిన్ నుంచి అయోవా దాకా 13 ఉత్తరాది రాష్ట్రాల పేర్లు వరసపెట్టి చదివి, ఇవి కాంగ్రెస్ చట్టాన్ని నిర్వీర్యం చేసేలా సొంత చట్టాలు చేసుకున్నాయని నిందించింది. మా బానిసల్ని పట్టివ్వడం లేదని, న్యూయార్క్ గుండా తీసుకువెళ్లే హక్కు కూడా మాకు లేకుండా చేసిందని ఫిర్యాదు. ఇదే సౌత్ కరోలినా 1832లో దిగుమతి సుంకం చట్టం మా గడ్డ మీద చెల్లదని తనంతట తాను రద్దు చేసుకుంది. అప్పుడు వాళ్లు చేస్తే హక్కు, ఇప్పుడు వీళ్లు చేస్తే ద్రోహం. ఇంట్లో అత్తగారి చేతిలో పగిలిన కుండకీ కోడలి చేతిలో పగిలిన కుండకీ ఉన్న తేడాయే.

సుంకాల మాట వచ్చింది కాబట్టి రెండో జవాబు కూడా చూద్దాం. 1828లో, 1832లో సుంకాల మీద దక్షిణాది గోల నిజమే. 1833లో రాజీ కుదిరింది, 1857 నాటికి దక్షిణాది ఓట్లతోనే రేట్లు బాగా తగ్గాయి. విడిపోయింది ఆ తర్వాత. పోనీ ఆర్థిక కారణాలంటే ఏమిటో విప్పి చూస్తే, 1860 జనాభా లెక్కల్లో దేశం మొత్తం 3 కోట్ల 14 లక్షల మంది, అందులో 39 లక్షల 50 వేల మంది బానిసలు. దేశం ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తి. మిసిసిపీ తన ప్రకటనలో, బానిసత్వమే ప్రపంచంలోకెల్లా గొప్ప ఆర్థిక ప్రయోజనం అని దాపరికం లేకుండా రాసుకుంది. అంటే రెండో జవాబు కూడా తిరిగి మొదటి జవాబు గుమ్మంలోకే వచ్చి ఆగుతుంది. మా బావగారిది కాకినాడ. యుద్ధంలో దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేస్తే, ఇంగ్లండ్ మిల్లుల ఆకలి తీర్చడానికి కాకినాడ రేవులో పత్తి బేళ్లు కట్టలుకట్టలుగా ఓడలెక్కాయి. "చూశారా, మీ ఊరికీ లాభమే" అంటే మాత్రం ఆయన కాస్త ఇబ్బందిగా చూశారు.

ఇదంతా దక్షిణాది పాపమేనని ఉత్తరాదిలో ఉన్న మన మిత్రులు గర్వపడనక్కర్లేదు. మసాచుసెట్స్‌లో లోవెల్ మిల్లుల్లో ఆడిన పత్తి ఎక్కడిది? బానిసలకి కట్టబెట్టే ముతక గుడ్డ నేసి మళ్లీ దక్షిణాదికే అమ్మిన మిల్లులూ ఆ చుట్టుపక్కలవే. ఇల్లినాయ్ 1853లో నల్లవాళ్లెవరూ మా రాష్ట్రంలోకి వచ్చి స్థిరపడకూడదని చట్టం చేసింది, లింకన్ ఊరు ఉన్న రాష్ట్రమే. బోస్టన్ బట్టల వ్యాపారి ఏమస్ లారెన్స్, బర్న్స్‌ని తీసుకెళ్లిన తర్వాత రాసుకున్న మాట ఒకటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాతకాలపు రాజీవాదులం, తెల్లారి లేచేసరికి పిచ్చెక్కిన బానిసత్వ వ్యతిరేకులమయ్యాం అని. ఆ రాత్రి దాకా ఆయనా, ఆయన తోటివాళ్లూ చేసింది మా బావగారి సిద్ధాంతమే. ఎందుకొచ్చిన గొడవ.

ఆ సిద్ధాంతానికి చట్టసభే ఒక నియమం రాసుకుంది. 1836 నుంచి 1844 డిసెంబరు దాకా, బానిసత్వం గురించి జనం పంపిన అర్జీ ఏదైనా సరే ప్రతినిధుల సభలో చదవకూడదు, చర్చించకూడదు, బల్ల కింద పడేయాలి. మాజీ ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్ అప్పుడు ఆ సభలో మామూలు సభ్యుడు, డెబ్బైకి దగ్గరపడ్డ ముసలాయన. 1837 ఫిబ్రవరిలో లేచి, "22 మంది బానిసలు సంతకాలు పెట్టిన అర్జీ నా దగ్గరుంది, ఇది ఈ నియమం కిందికి వస్తుందా అధ్యక్షా?" అని అమాయకంగా అడిగాడు. సభ దద్దరిల్లింది. అభిశంసించాలన్నారు, వెళ్లగొట్టాలన్నారు. అందరూ అరిచి అలిసిపోయాక, ఆ అర్జీ కోరేది బానిసత్వాన్ని రద్దు చేయవద్దని అంటూ తాపీగా బయటపెట్టాడు. మన అసెంబ్లీలు చూసి పెరిగినవాళ్లకి ఈ ఘట్టం ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

బర్న్స్‌ని రేవుకి నడిపించిన రోజు వీధిలో బారులు తీరినవాళ్లలో కొలంబియన్ ఆర్టిలరీ అనే కంపెనీ ఒకటుంది. అందరూ ఐరిష్ వలసదారులు, కేథలిక్కులు. కొత్త దేశం, చట్టానికి కట్టుబడి ఉంటామని చూపించుకోవాలి, పైవాళ్లు నిలబడమన్నారు, నిలబడ్డారు. వాళ్లని తప్పుపట్టడం నాకు అంత తేలిక కాదు. వాళ్ల స్థానంలో నేనున్నా నిలబడేవాణ్ణేమో. కానీ అదే 1854 చివర్లో వలసవాళ్లంటే గిట్టని నో-నథింగ్ పార్టీ మసాచుసెట్స్ చట్టసభని ఊడ్చేసినట్టు గెలిచింది, 1855లో ఆ పార్టీ గవర్నరు ఐరిష్ కంపెనీలని రద్దు చేశాడు. బుద్ధిగా నిలబడ్డందుకు దక్కింది అది. విచిత్రమేమిటంటే బర్న్స్‌లాంటివాళ్లకి జ్యూరీ విచారణ ఇచ్చిన చట్టం చేసిందీ ఆ సభే. నల్లవాడి మీద జాలి, కేథలిక్కు మీద కసి ఒకే బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాయి. చరిత్రలో మంచివాళ్లని ఒకవైపు, చెడ్డవాళ్లని ఒకవైపు కూర్చోబెట్టాలనుకునేవాళ్లకి ఇది మింగుడుపడదు.

బానిసత్వం అన్న మాట పలకడానికి మనవాళ్లకి అంత మొహమాటం ఎందుకో నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. మాట మొదలుపెడితే ఎదుటివాడు మన ఊరి చివర పేట గురించి అడుగుతాడు. అడగనీ. అక్కడ మన తాతల కాలంలో పాలేరు ఎక్కడ కూర్చుని తిన్నాడో మనకి గుర్తులేకపోలేదు.

ఇక అసలు మనకెందుకీ గొడవ అంటారా. 1820లో మిస్సోరి ఒప్పందం కుదిరింది. మిస్సోరిని బానిస రాష్ట్రంగా చేర్చుకుని, ఫ్రాన్స్ దగ్గర కొన్న మిగతా భూమిలో 36 డిగ్రీల 30 నిమిషాల గీతకి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. ఆ గీతని 1854 మే 30న, బర్న్స్ కోర్టు గదిలో ఉండగానే, కాన్సాస్-నెబ్రాస్కా చట్టం చెరిపేసింది. 1857 మార్చి 6న, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, అసలు ఆ గీత గీసే అధికారమే కాంగ్రెస్‌కి లేదన్నాడు. అక్కడితో ఆగలేదు. బానిసైనా కాకపోయినా ఆఫ్రికా సంతతి మనిషి ఈ దేశ పౌరుడు కాలేడన్నాడు, పుట్టింది ఇక్కడే అయినా సరే. ఈ తీర్పుని పూడ్చిపెట్టడానికే యుద్ధం ముగిశాక 1868లో 14వ సవరణ వచ్చింది: ఇక్కడ పుట్టి, ఇక్కడి చట్టపరిధిలో ఉన్నవాళ్లు ఇక్కడి పౌరులు.

మా మేనకోడళ్లు ఇద్దరూ పుట్టినప్పుడు బావగారు హెచ్-1 మీద, అక్క హెచ్-4 మీద ఉన్నారు. ఆ పిల్లల పాస్‌పోర్టులకి వేరు డ్రెడ్ స్కాట్ ఓడిపోయిన కేసులో ఉంది. 2025 జనవరి 20న ఇలా తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి ఇకమీదట పుట్టబోయే పిల్లలకి పౌరసత్వం వర్తించదంటూ ఉత్తర్వు వచ్చి కోర్టులకెక్కినప్పుడు, మన గ్రూపుల్లో నెలలు నిండిన కోడళ్ల గురించి రాత్రి రెండింటిదాకా మెసేజీలు నడిచాయి. ఆ రాత్రి రాష్ట్రాల హక్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇంకా వెనక్కి వెళితే, 1790 చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్జీ పెట్టుకునే అర్హత స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే. 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ తనూ తెల్లవాడినేనని వాదించి సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. తెల్లవాళ్ల పంక్తిలో చోటు అడిగాడు పాపం. మనవాళ్లకి ఆ తలుపు తెరుచుకున్నది 1946లో.

పెసరట్టు తిన్న ఆ ఆదివారమే బావగార్ని షాకో బాటమ్ తీసుకెళ్లాను. బోర్డు మొత్తం చదివారు, రెండుసార్లు. గడ్డి వైపు చూస్తూ కాసేపు నిలబడ్డారు. "గది ఎంత అన్నావు?" అని అడిగారు. ఆరెనిమిది అడుగులన్నాను. చేతులు చాచి కొలుచుకున్నారు. తర్వాత "పార్కింగ్ ఎంతసేపు కట్టావు?" అన్నారు.

నెలకి ఇంటర్వ్యూ అయింది. బయటికొచ్చిన వెంటనే ఫోను.

"ఆరడిగాడు, ఆరూ చెప్పేశాను. ఇంక చాలన్నాడు."

"74 అడిగాడా?"

"లేదురా. అడిగితే మొదటిదే చెబుదామని కూర్చున్నా. ఆఖరిది నది అడిగాడు, ఈ దేశంలో పొడుగాటి నదులు రెండిట్లో ఒకటి చెప్పమని. మిసిసిపీ అందామనుకున్నా. ఖర్మకాలి స్పెల్లింగ్ అడుగుతాడేమోనని మిస్సోరి అన్నాను. ఎందుకొచ్చిన గొడవ!"